పళ్ళెం తిరిగినంతసేపు

ఇరవై రెండేళ్ళుగా కరెంటు పని చేస్తున్నవాడు కదా, మెయిన్ ఆపకుండా స్క్రూ మీద చెయ్యి వెయ్యడు. ఆ జాగ్రత్తే ఆ రోజు తమ్ముడి కొంప ముంచింది. గదిలో సాకెట్ దగ్గర నిప్పురవ్వలు వస్తున్నాయని అక్క ఫోన్ చేస్తే పరుగున వచ్చాడు. మెయిన్ దించాడు. అది చాలదన్నట్టు ఇన్వర్టర్ కూడా ఆపాడు. పది నిమిషాల్లో సాకెట్ మార్చేసి, చేతులు దులుపుకుని, మళ్ళీ అన్నీ ఆన్ చేశాడు. అల్మరా మీద సీడీ ప్లేయరు వెలిగింది. వెలిగితే ఏం లాభం, తెర మీద ఎప్పుడూ ఉండే ప్రోగ్రామ్ గుర్తు మాత్రం లేదు.

అక్క ఆ తెరకేసి చూసింది. వెళ్ళి కుట్టుమిషను ముందు కూర్చుంది. నాలుగు తిట్టినా బాగుండేది.

ఆ ప్లేయరు బావది. ఐదు సీడీలు పట్టే గుండ్రటి పళ్ళెం ఉంటుంది దానికి. ఏ సీడీలో ఏ పాట, దాని తర్వాత ఏ సీడీలో ఏ పాట అని ఇరవై పాటల వరస చెప్పి ఉంచితే, అదే వరసలో పాడుతుంది. కరెంటు పూర్తిగా పోయిందో, అంతా మరిచిపోతుంది. అందుకే దాన్ని ఇన్వర్టర్‌కి కలపమని బావ అడిగాడు. కలిపిందెవరనుకున్నారు? ఈ తమ్ముడే. తన చేత్తో కలిపినదాన్ని తన చేత్తోనే ఆపాడు మహానుభావుడు.

బావ చేతిగడియారాలు బాగుచేసేవాడు. గొంతుకు ఆపరేషన్ అయ్యాక ఆయనకు గుసగుస తప్ప మాట మిగల్లేదు. చివరి ఏడాదంతా కిటికీ పక్కన మంచం మీదే గడిపాడు. ఎదురుగా అక్క కుట్టుమిషను. ఆ మంచం మీద కూర్చునే రిమోట్‌తో రెండు రోజులు కుస్తీ పట్టి ఆ వరస ఎక్కించాడు. ఆయన పోయి ఏడు నెలలైంది. రోజూ అక్క ఆ వరస పెట్టుకునే చొక్కాలు కుడుతోంది. ఫొటోలదేముంది, ఎవరైనా తీస్తారు, ఆయన తన చేత్తో చేసి ఇచ్చింది ఇదొక్కటే అనేది.

ఇప్పుడు అదీ పోయింది. తమ్ముడికి రెండు రోజులు అన్నం సహించలేదు. మూడో రోజు ఆ సీడీల్లోని పాటలన్నీ ఒక కొత్త ఫోన్లో ఎక్కించి తెచ్చాడు. ఇక కరెంటుతో పని లేదని, ఎక్కడా ఆగకుండా పాడుతుందని గొప్పగా చెప్పాడు.

“ఆగకుండా పాడేది నాకెందుకు?” అంది అక్క.

అంతే, ఆ తర్వాత మాట బంద్. ఫోన్ చేస్తే ఎత్తదు. ఇంటికి వస్తే తలుపు తీస్తుంది, కుర్చీ చూపిస్తుంది, మళ్ళీ మిషను దగ్గర కూర్చుంటుంది. అమ్మ పోయాక చెయ్యి పట్టుకుని నడిపించిన మనిషి అలా మొహం తిప్పేసుకుంటే తమ్ముడి ప్రాణం విలవిల్లాడింది.

ఇరవయ్యో రోజు పొద్దున్నే, ఖాళీ కడుపుతో, ఒక నోటు పుస్తకం పట్టుకొచ్చాడు. గుర్తున్నంతవరకు వరస చెప్పమని బతిమాలాడు. అక్క చేతిలో ఉన్న కాలరు కుట్టడం పూర్తిచేసింది. చివరికి అతనికేసి చూడకుండా, చేతిలో బట్టతో మాట్లాడుతున్నట్టు చెప్పడం మొదలుపెట్టింది. మొదటిది కాలర్లు కుట్టేటప్పుడు వచ్చేది, వేణువు పాట. రెండోది పడవ పాట, అది అయ్యేసరికి కాలరు తిరగేసేదట. అలా తొమ్మిది పాటలు తడుముకోకుండా చెప్పింది. ఆ పైన గజిబిజి. ఇంకో పదకొండు పాటలు తెలుసు, ఏది ముందో ఏది వెనకో తెలియదు.

తమ్ముడు ప్రోగ్రామ్ బటన్ నొక్కి, సీడీ నంబరు, పాట నంబరు, మళ్ళీ బటన్, అలా తొమ్మిదీ ఎక్కించి పెట్టాడు. వేణువు పాట అయిపోయింది. పళ్ళెం తిరిగింది. ఒక్కో సీడీ దాటినప్పుడల్లా లోపల టక్ మని చప్పుడు. నాలుగు వినిపించాయి. పడవ పాట తర్వాత మళ్ళీ నాలుగు. మూడో పాట తర్వాతా నాలుగే. చప్పుడును బట్టి లోపం పట్టేవాడు కదా, తమ్ముడు నిటారుగా కూర్చున్నాడు.

ఎప్పుడో బావని తను వేళాకోళం చేసిన సంగతి గుర్తొచ్చింది. “ఏం వరస బావా ఇది, ఒక్కో పాటకీ నీ పళ్ళెం ఊరంతా తిరిగొస్తోంది” అన్నాడు అప్పుడు. బావ చప్పుడు లేకుండా నవ్వి ఊరుకున్నాడు.

“అక్కా, ఈ పళ్ళెం ఒకవైపే తిరుగుతుంది” అన్నాడు తమ్ముడు మెల్లగా. “ఒకటి తర్వాత రెండు పెడితే ఒక్క టక్‌తో అయిపోతుంది. బావ ప్రతిసారీ వెనక సీడీ ఇచ్చాడు. ఐదు, నాలుగు, మూడు, రెండు, ఒకటి, మళ్ళీ ఐదు. ఎప్పుడూ చుట్టు తిరిగే రావాలి. గడియారం ముళ్ళతో పొద్దు గడిపిన మనిషి, తెలియక చేశాడంటావా?”

మిషను ఆగింది. అక్క కిటికీ పక్క మంచంకేసి చూసింది.

“మిషనూ పాటా కలిస్తే ఆయన మాట వినపడేది కాదు” అంది. “పని ఆపమని ఏనాడూ అనలేదు. పాట అయ్యాక నేనే మిషను మీంచి కాలు తీసేదాన్ని. పళ్ళెం తిరిగే ఆ కాసేపే ఏదో ఒకటి అనేవాడు. నీళ్ళు తాగావా అని, కళ్ళు లాగుతున్నాయా అని. ప్లేయరు పాతది కదా, ఆలస్యమవుతోందనుకున్నాను. ఎంత పిచ్చిదాన్ని.”

చేతిలోని చొక్కా మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఈ ఏడు నెలల్లో ఆమె అలా ఏడవడం తమ్ముడు చూడలేదు. అతనికీ కన్నీళ్ళు ఆగలేదు.

దాంతో మిగతా పదకొండూ దారికొచ్చాయి. ఎక్కడ ఏ సీడీ రావాలో ఖాయమైపోయింది. అందులో ఏ పాట ముందన్నది అక్క చెప్పింది. రెండుచోట్ల ఆయన ఏం పెట్టాడో తెలియదని ఒప్పుకుని, తనకు నచ్చింది పెట్టించింది. ఇరవయ్యోది ఎక్కించేసరికి మధ్యాహ్నం దాటింది.

మళ్ళీ మొదటినుంచి పెట్టాడు. అక్క మిషను మీద వంగి కాలరు కుట్టింది. వేణువు పాట అయిపోయింది. ఆమె కాలు తీసింది. పళ్ళెం కదిలింది. తమ్ముడు చూపు కిందకి దించుకున్నాడు. ఆ ఖాళీ తనది కాదనుకున్నాడు.

అక్క తలెత్తింది. మంచంకేసి కాదు, అతనికేసి చూసింది, ఇరవై రోజుల తర్వాత.

“పొద్దున్నుంచి ఏమైనా తిన్నావురా?”

తమ్ముడు జవాబు చెప్పేలోపే నాలుగో టక్ పడింది, పడవ పాట మొదలైంది. అక్క మిషను తొక్కసాగింది. అతను ఆ పాట అయ్యేదాకా కదలకుండా కూర్చుని, ఆమె కాలు తీశాక, లేదక్కా అన్నాడు.