అసిరయ్య పిలిచిన బ్యాండు

ఒక హాస్య చిత్రంలో మేం నలుగురం డెబ్బైల నాటి రాక్ బ్యాండు వేషం వేశాం. గేట్ బజార్‌లో కొన్న పరదా గుడ్డతో చొక్కాలు, బెల్‌బాటం ప్యాంట్లు, భుజాల దాకా విగ్గులు. మాకు వాయించడం రాదు. ఆ రాకపోవడమే తమాషా. తర్వాత బరంపురంలో ఏ వేడుకైనా మమ్మల్నే పిలిచేవారు. నాకు ఒళ్లు మండేది. పొద్దున్న బడిలో లెక్కలు చెప్పే భానుమూర్తిని, సాయంత్రానికి కోతినా?

ఓ ఉదయం దిగపహండి పక్క పల్లె నుంచి అసిరయ్య అనే రైతు వచ్చాడు.

"మాయమ్మ పోయింది బాబూ. సాగనంపడానికి మీరే వాయించాల."

కాదనలేక వేషాలతోనే వెళ్లాం. పాడె మీద ముసలామెను చూడగానే నాకు సిగ్గేసింది. నలుగురం విగ్గులు తీసి సంచిలో కుక్కేశాం. చేతనైనంత మర్యాదగా వాయించడం మొదలుపెట్టాం.

అసిరయ్య చెయ్యెత్తి ఆపేశాడు.

"ఇదేటి బాబూ? మంచం పట్టిన కాణ్నించి మాయమ్మ మీ సినిమా సూసే నవ్వేది. ఆ జుత్తులు పెట్టుకోండి. లేపోతే మిమ్మల్ని పోల్చుకోలేదు."