మానేదాకా

మందుల షాపు మనిషితో కాపురం చేయాలంటే ముందుగా ఒంట్లో ఏ జబ్బూ లేకుండా చూసుకోవాలి. కారం ఘాటుకు తుమ్మినా ఆయన మాత్ర తీస్తాడు. వద్దంటే ముప్పై ఏళ్ల అనుభవం తీస్తాడు.

అలాంటాయన ఇల్లాలు, యాభై ఒకటో ఏట, కూరగాయలకని వెళ్లి ఎడమ చెవి పైభాగాన చిన్న పోగు కుట్టించుకుని వచ్చింది. ఒకళ్ల చేత అనిపించుకోవడం ఎందుకని కూరగాయలూ తెచ్చింది.

"ఈ వయసులో ఇదేం సరదా?" అన్నాడాయన కంచం ముందు కూర్చుని.

"కింది రెండూ నాకు పళ్లు రాకముందే కుట్టేశారు. అప్పుడు నన్నెవరడిగారు? ఇదొక్కటే నేను కావాలని కుట్టించుకున్నది."

"అది మెత్తటి ఎముక. మానదు. చీము పడుతుంది. ఆ సరదా మానెయ్."

"మానుతుంది."

"చీము పడితే?"

"నా చేత్తో నేనే తీసేస్తా. పడకపోతే మీరు ఆ ఊసెత్తడం మానాలి. మీదే తప్పని పైకి చెప్పాలి కూడా."

"ఏమంటాడే?" అంది మూల కుర్చీలోంచి అత్తగారు. ఆవిడకు వినికిడి తక్కువ.

"మానదంటున్నారత్తయ్యా!"

"అన్నీ మానతాయి. వాడి నోరొక్కటే మానదు."

కుట్టినమ్మాయి చెప్పింది కొంచెమే. రెండు పూటలా ఉప్పునీళ్లు చల్లుకోవాలి, ఆ పక్కకు తిరిగి పడుకోకూడదు, పోగును తిప్పకూడదు. "మీ చెయ్యి ఊరుకుంటే చాలాంటీ, చెవి పని చెవి చేసుకుంటుంది" అంది. ఆ ఉప్పునీళ్ల సీసాను ఇల్లాలు భర్త షాపులో తీసుకోలేదు. ఎదురు షాపులో, ఆయన చూస్తుండగా కొంది.

రోజుకో దిండు గలీబు మార్చింది. ఫోను కుడి చెవికి మార్చింది. ఎడమ పక్కకు తిరిగి పడుకునే ఇరవయ్యారేళ్ల అలవాటు మానుకుని, ఆయన గురక ఎదురుగా విన్నది. రెండు వారాలకు వాపు తగ్గింది.

మూడో వారంలో చెవి భగ్గుమంది. నీళ్లు చల్లినప్పుడల్లా ప్రాణం జివ్వుమనేది. పోగు చుట్టూ తోలు లేచింది.

"చెప్పానా?" అన్నాడాయన. అంత సంతోషంగా ఆయన ఈ మధ్య ఏ మాటా అనలేదు. "ఇక తీసెయ్."

అద్దం ముందు నిలబడి పోగు మీద వేలు పెట్టింది. ఇప్పుడు తీస్తే ఈ ఇంట్లో తన మాట మళ్లీ చెవిన పెట్టే నాథుడుండడు. వేలు తీసి, చెప్పులు వేసుకుని, సీసాతో సహా ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లింది.

"చీము లేదు ఆంటీ, మంట పుట్టి తోలు లేచిందంతే. ఏం రాస్తున్నారు?"

"నువ్వు చెప్పిన నీళ్లే."

అమ్మాయి సీసా మూత తీసి ముక్కు చిట్లించింది. "ఇందులో స్పిరిట్ ఉంది. వాసన తెలియలేదా?"

తెలియలేదు. ఇరవయ్యారేళ్లుగా ఆయన చొక్కాలు ఉతికిన ముక్కుకు అది వాసన కాదు, మొగుడు.

ఇంటికొచ్చి సీసా మూత తీసి ఆయన ముందు పెట్టింది. "వాసన చూడండి."

చూశాడు. "ఏ వాసనా లేదే!" అన్నాడు నిజాయితీగా.

మూలనుంచి అత్తగారు తల ఎత్తింది. "ఎవరికిరా ఇంజెక్షన్?"

ఆయన సీసా వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు. "ఉత్త ఉప్పునీళ్లతో ఏం మానుతుందని... రెండు మూతలే కలిపాను. నీ మంచికే."

"నా మంచి నా చెవికి తెలుసు. చీము పడలేదు. అనాల్సింది అనండి."

ఆయన నోట్లోనే ఏదో గొణిగాడు.

"అత్తయ్యకు వినపడలేదు."

"ఆవిడకెందుకు?"

"ఏంట్రా?" అంది ఆవిడ, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

ఇల్లాలు కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎడమ చెవి ఆయన వైపే తిప్పి పెట్టింది.

"తప్పు నాదేనమ్మా!" అని అరిచాడాయన. "నీ కోడలి చెవి పాడు చేసింది నేనే!"