రెండు స్క్రూలు

హాస్టల్ కుర్చీకి నాలుగో కాలు బిగిస్తున్నాడు లక్ష్మీనర్సయ్య. అమల గిటార్ పట్టుకుని యూనివర్సిటీ వడ్రంగం షెడ్డు గుమ్మంలో నిలబడింది.

"తార్నాకల దుకాణపాయన ఇది పనికిరాదన్నడు కాకా. బాగు చేయించే పైసలకు కొత్తదే వస్తదంట. నాయినేమో కొత్తది ముట్టనంటుండు."

ఆమె నాయిన రత్నాకర్ యూనివర్సిటీ మెస్సులో ఇరవై ఏళ్లు వంట చేశాడు. ఆదివారాలు గోల్నాక చర్చిలో పాటలకు వాయించేది ఈ గిటారే.

లక్ష్మీనర్సయ్య దాన్ని వెలుతురులోకి తిప్పాడు. చవక రకం. తీగలను పట్టి ఉంచే చెక్క ఒక పక్క లేచింది, దాని కింద పైపలక చీలింది. ఆ చెక్కలో తుప్పు పట్టిన స్క్రూలు రెండు. వాటి తలల మీది గాట్లు ఒకే వరుసలో ఉన్నాయి. అలా వరుస కలిపి వదలడం ఈ క్యాంపస్‌లో ఆయనొక్కడికే అలవాటు.

పదేళ్ల కిందట ఊడిపోయిన ఆ చెక్కను తనే బిగించాడు. జిగురు ఆరేదాకా ఆగే ఓపిక ఆ రోజుల్లో ఎక్కడిది? కుర్చీకైనా కిటికీకైనా ఆయన దగ్గర ఒకటే మందు, స్క్రూ. అప్పడమంత పలచని పలకకు ఆ మందు పడదని అప్పుడు తోచలేదు. ఇప్పుడు సిగ్గేసింది.

"ఈయాల్నే నా ఆఖరి రోజు బిడ్డా. ఐదింటికి తాళంచెవి ఇచ్చేస్త."

"తెలుసు కాకా. గందుకే ఉరికొచ్చిన."

దుకాణదారు మాటే తనూ అనేస్తే సరిపోయేది. ఇరవై తొమ్మిదేళ్ల మంచిపేరుతో ఇంటికి పోవచ్చు. అయినా స్క్రూల మీద వేలు పెట్టి చూపించాడు.

"గీ స్క్రూలు కొట్టింది నేనే. పలక పలిగింది గందుకే."

"నాయినకు ఎరుకే. పెట్టినాయనకే తీసుడు తెలుస్తదని నీ తానికి పంపిండు."

లక్ష్మీనర్సయ్యకు కళ్లు చెమర్చాయి. కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

"పెట్టిపో. చూస్త."

మొదటి స్క్రూ నెమ్మదిగా వచ్చింది. రెండోది కదల్లేదు. బలవంతం చేస్తే పలక రెండు ముక్కలవుతుంది. కాల్చిన ఊచను దాని తలకు ఆనించి, చల్లారనిచ్చి, పావుచుట్టు తిప్పి ఆగాడు. మళ్లీ కాల్చాడు. టిఫిన్ డబ్బా తెరవనే లేదు. మూడింటికి అది ఊడి అరచేతిలో పడింది.

రంధ్రాల్లో టేకు పుల్లలు దిగగొట్టాడు. చీలిక కింద లోపలివైపు పలచని ముక్క అతికించాడు. జిగురు రాసి, చెక్కను పెట్టి, జిగురు ఆరేదాకా అదిమిపట్టేందుకు ఇంటి నుంచి తెచ్చుకున్న తన సొంత క్లాంపులు మూడు బిగించాడు. ఆరడానికి రేపటిదాకా పడుతుంది.

ఐదింటికి సూపర్‌వైజర్ తాళంచెవి తీసుకుని, రేపు అమలకు షెడ్డు తెరుస్తానని ఒప్పుకుని, "మంచిది అన్నా, పైలం" అన్నాడు. కాంట్రాక్టు మనిషికి దండలూ ఫోటోలూ ఉండవు. లక్ష్మీనర్సయ్య రంపం, ఉలి, సుత్తి సంచిలో వేసుకున్నాడు. స్క్రూలు రెండూ జేబులో వేసుకుని ఇంటికి పోయేందుకు తార్నాక వైపు నడిచాడు.

షెడ్డులో బల్ల మీద గిటార్ ఉంది. పక్కన అమలకు ఒక చీటీ: "రేపు పదకొండు దాకా విప్పొద్దు. క్లాంపులు రత్నాకర్ దగ్గరే ఉండనీ." వాటి పిడులు మూడూ ఒకే వరుసలో ఉన్నాయి.