మాత్ర వేసుకున్నావా?

అత్తగారి వంటింట్లో కూర్చుని బంగాళాదుంపల చెక్కు తీయడం కోరిన్‌కి ఇష్టమే. ఆదివారం చర్చి అయ్యాక అందరూ అత్తగారు ఆర్డిస్ ఇంటికి చేరతారు. మగవాళ్ళు హాల్లో టీవీ ముందు కూలబడతారు. ఓవెన్లో మాంసం ఉడుకుతూ ఇల్లంతా కమ్మటి వాసన. కిటికీ అవతల పక్కవాళ్ళ పొలంలో ఆవులు. గ్రేవీ ఎంతవరకు వచ్చిందని తప్ప ఆ కాసేపూ తనని ఎవరూ ఏమీ అడగరు.

ఆ ఆదివారం టీవీలో దక్షిణాన ఏదో ఊళ్ళోని షాపింగ్ మాల్ చూపిస్తున్నారు. లోపల ఎవడో తుపాకీతో జనాన్ని కాల్చేశాడు. పోలీసు బళ్ళు, ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తున్న మనుషులు. హాల్లో వాదన మొదలైంది. ఇలాంటిది జరిగిన ప్రతిసారీ ఆ ఇంట్లో జరిగే వాదనే. ఎవరి మాటలు వాళ్ళకి కంఠతా వచ్చు.

“తుపాకీ దానంతటది పేలుతుందా? పిచ్చివాళ్ళని రోడ్డు మీద వదిలేసి ఇనప ముక్క మీద పడి ఏడుస్తారు,” అన్నాడు మరిది లైల్.

“పిచ్చివాళ్ళు అన్ని దేశాల్లోనూ ఉన్నారు కదరా. అక్కడ ఇన్ని జరగవుగా,” అన్నాడు కోరిన్ భర్త డ్వేన్, ఎవరైనా కాదంటే ఒప్పేసుకునే గొంతుతో.

“ఆ వీడియో గేములు,” అంది వాళ్ళ పక్కనే అల్లిక పట్టుకుని కూర్చున్న ఆర్డిస్. “అయినా వాడి తల్లి ఏం చేస్తోందట? మీ ఇద్దర్నీ నేను పెంచలేదూ? ఇప్పుడు అందరికీ ఉద్యోగాలే. ఇంట్లో పలకరించే దిక్కుండదు.”

“పిచ్చివాళ్ళ పేర్లన్నీ రాసి ఊళ్ళో అంటించాలి. ఎవరెవరో అందరికీ తెలియాలి,” అన్నాడు లైల్.

కోరిన్ ఇంకో దుంప అందుకుంది. వాడి తల్లి ఏం చేస్తోంది అన్న ప్రశ్న ఆ ఇంట్లో ఎన్నిసార్లు విందో. తండ్రి ఏం చేస్తున్నాడని మాత్రం ఎవరూ అడగరు. తను పళ్ళ డాక్టరు దగ్గర పగలంతా పనిచేసి, ఇద్దరు పిల్లల్ని పెంచి, వారం వారం ఇక్కడికొచ్చి ఈ దుంపలు చెక్కుతోంది. ఆ ప్రశ్న ఎప్పుడూ తన వీపుకి వచ్చి తగిలేది. ఇవాళ లైల్ అన్న మాట ఇంకాస్త లోపల తగిలింది.

ఎందుకంటే ఆ పేర్లు రాస్తే తన పేరూ ఉంటుంది. చిన్నది పుట్టిన ఏడాది తనకి నిద్ర పట్టడం మానేసింది. కొన్నాళ్ళు ప్రపంచమంతా మెరుస్తున్నట్టు ఉండేది. తర్వాత ఒక గోతిలో పడినట్టయింది. ఆస్పత్రిలో డాక్టరు దానికి బైపోలార్ అని పేరు చెప్పి, రోజూ వేసుకోమని లిథియం ఇచ్చింది. మాత్రలు పనిచేశాయి. మనిషి బాగుపడింది. “అమ్మకి ఎందుకులే కోరీ, ఊరంతా చాటేస్తుంది,” అని డ్వేన్ ఒక పెద్ద విటమిన్ల డబ్బా కొని, అందులోవి పారబోసి, ఈ మాత్రలు నింపి పెట్టాడు. అది ప్రేమే అనుకుంది. ప్రేమే కూడా. కానీ అప్పట్నుంచి అతనికో మాట అలవాటైపోయింది. బురద బూట్లతో లోపలికి రావద్దని గొంతు పెంచితే, “మాత్ర వేసుకున్నావా?” జీతం పెంచమని అడుగుతానంటే, “మాత్ర వేసుకున్నావా?” వంటింటికి పసుపు రంగు వేద్దామంటే, చెల్లెలి పెళ్ళిలో కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వితే, పక్కకి పిలిచి చెవిలో అదే. కోపాన్ని అనుమానించినా ఊరుకుంది. సంతోషాన్ని అనుమానించడమే కష్టంగా ఉండేది. చివరికి నవ్వుని కూడా ఉప్పులా చూసి చూసి వేయడం నేర్చుకుంది. అదే లైల్, ఫుట్‌బాల్ ఆటలో తన జట్టు ఓడిపోయిందని పిడికిలితో తలుపు పగలగొట్టాడు. వాడి కోపం అంతేలే అన్నారు. వాడిని ఎవరూ ఏమీ అడగలేదు.

అప్పుడు హాల్లోంచి లైల్ గొంతు వినిపించింది, వాదన గొంతు కాదు, తేలికైన గొంతు. “డ్వేన్, నా పడవ నువ్వు తీసుకో. ఊరికే. గాలాలు, వలలు కూడా. నాకిక అక్కర్లేదు.”

కోరిన్ చేతిలో చాకు ఆగిపోయింది.

ఆ పడవని లైల్ పెళ్ళాం టెస్‌ని కూడా ముట్టుకోనిచ్చేవాడు కాదు. టెస్ వసంతంలో వాడిని వదిలి వెళ్ళిపోయింది. పోయినవారమే వాడు వేటకుక్కని పొరుగువాళ్ళకి ఇచ్చేశాడు. మనిషి చిక్కిపోయి బెల్టుకి కొత్త చిల్లు పడింది. తను కూడా ఆ ఏడాది కుట్టుమిషను ఇచ్చేసింది, అమ్మ కోటు దారిన పోయే మనిషికి తొడిగి పంపింది. ఇచ్చేస్తున్నప్పుడు ఎంత హాయిగా అనిపించేదో ఆమెకి బాగా గుర్తుంది.

చేతులు తుడుచుకుని హాల్లోకి వచ్చి టీవీ ఆపేసింది. ముగ్గురూ కరెంటు పోయినట్టు చూశారు.

“లైల్, నువ్వు నిద్రపోయి ఎన్నాళ్ళయింది?”

“దేశం సంగతి మాట్లాడుకుంటుంటే మధ్యలో నా నిద్రేమిటి?”

“కుక్కనిచ్చేశావు. పడవ ఇచ్చేస్తున్నావు. తర్వాత ఏమిటి?”

లైల్ తల దించుకుని బూట్లు చూసుకున్నాడు. డ్వేన్ కంగారుగా లేచి నిలబడ్డాడు. “కోరీ, ఏంటిది? మాత్ర వేసుకున్నావా?”

అనేశాక తెలిసింది ఏమన్నాడో. పక్కనే తల్లి ఉంది, తమ్ముడు ఉన్నాడు. అతని మొహం బీట్‌రూట్ అయిపోయింది. అన్నేళ్ళు కాపాడుకొచ్చిన రహస్యాన్ని తన నోటితోనే హాలు మధ్యలో పడేశాడు.

కోరిన్‌కి నవ్వొచ్చింది. మొదట ముక్కులోంచి, తర్వాత ఆపుకోలేనంత. ఈసారి కొలవలేదు. పొట్ట పట్టుకుని సోఫా చేతి మీద కూర్చుని నవ్వింది.

“వేసుకున్నాను డ్వేన్. పొద్దున్నే, కాఫీతో.” కళ్ళు తుడుచుకుని మరిది వైపు తిరిగింది. “నువ్వు ఊళ్ళో అంటించమన్నావే, ఆ పేర్లలో మొదటిది నాదే లైల్. నాకెవర్నీ చంపాలని ఎప్పుడూ అనిపించలేదు. ఒకప్పుడు నేను ఉండకూడదని మాత్రం అనిపించింది. దానికి ముందు నా సామానంతా పంచిపెట్టాను. అందుకే అడుగుతున్నా.”

ఆర్డిస్ ఒళ్ళోని అల్లికని పక్కన పెట్టింది.

“ఆ విటమిన్ డబ్బా సంగతేనా?”

“నీకెలా తెలుసు?” అన్నాడు డ్వేన్.

“మీ ఇంటికొచ్చినప్పుడు నడుంనొప్పికి పనికొస్తుందని ఒకటి జేబులో వేసుకున్నా. మందుల షాపులో చూపిస్తే, ఇది విటమిన్ కాదమ్మా, మింగకండి అన్నాడు. చిన్నదానికి ఇంకా పళ్ళు కూడా రాలేదప్పటికి.”

“మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం?”

“మీరు దాచుకుంటున్నారు కదా, దాచుకోనీ అనుకున్నా. నేను ఊరంతా చాటేస్తానని చెప్పుకుంటారుగా నువ్వూ నీ తమ్ముడూ.”

లైల్ ముందుగా నవ్వాడు. నవ్వుతూనే చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. “ఈస్టర్ నుంచి లేదు,” అన్నాడు. “నిద్ర. ఈస్టర్ నుంచి.”

ఆర్డిస్ చెయ్యి చాచింది. “నీ తుపాకుల బీరువా తాళం.”

“అమ్మా, నేనేం అలాంటి...”

“తెలుసు. అయినా ఇటివ్వు. నీకు కంటినిండా నిద్ర పట్టిన రోజున అడుగు.”

లైల్ గుత్తిలోంచి తాళంచెవి తీయడానికి చాలాసేపు పట్టింది. గోరు విరిగింది. తీసి తల్లి అరచేతిలో పెట్టాడు.

దేశంలో ఇవన్నీ ఎందుకు జరుగుతున్నాయో కోరిన్‌కి తెలియదు. ఆ హాల్లో ఇన్నేళ్ళుగా వాదించుకున్నవాళ్ళకీ తెలియలేదు. ఎదురుగా ఉన్న మనిషికి నిద్ర లేదని మాత్రం ఆమెకి తెలుసు. “రేపు నేను సెలవు పెడతాను. నన్ను చూసే డాక్టరు దగ్గరికి వెళ్దాం,” అంది. “ఇప్పుడు పద, అలా పొలం దాకా నడిచొద్దాం. డ్వేన్, దుంపలు సగం మిగిలాయి, నువ్వు చెక్కెయ్.”

తిరిగొచ్చేసరికి డ్వేన్ చెక్కిన దుంపలు గోళీలంత ఉన్నాయి. గ్రేవీలో వాటిని వెతుక్కుంటూ తిన్నారు. తల్లి వెక్కిరింపు ఆపలేదు.

ఇంటికి వెళ్తూ కారులో డ్వేన్ రెండుసార్లు రేడియో పెట్టి ఆపేశాడు. తర్వాత అన్నాడు, “నువ్వు ఏడిస్తే నాకంత భయం లేదు కోరీ. బాగా నవ్వితేనే భయం. చిన్నది పుట్టినప్పుడు కూడా మొదలు నవ్వుతోనే అయింది.”

ఇన్నేళ్ళ కాపురంలో అతను ఆ మాట చెప్పడం అదే మొదలు. ఆమె అతని వైపు తిరిగింది. “భయమేస్తే భయమేస్తోందని చెప్పు. ప్రశ్నలు వెయ్యకు. నవ్వు మాత్రం నేను మానను.”

ఆ వారమే వంటింటికి పసుపు రంగు వేసింది. అంచులు డ్వేన్ వేశాడు, వంకరగా.

ఆర్డిస్ తన పేరు నిలబెట్టుకుంది. బుధవారానికల్లా కోరిన్ సంగతి ఊరంతా పాకింది. ఫోను మోగితే కోరిన్ గుండె గట్టి చేసుకుని ఎత్తింది. పోస్టాఫీసులో పనిచేసే వెల్డా. “మా అమ్మాయి గదిలోంచి బయటికి రావడం లేదు కోరిన్. ఇలాంటివి నీకు తెలుసని మీ అత్తగారు చెప్పింది. ఒకసారి వస్తావా?” మర్నాడు ఇంకొకరు. ఆ తర్వాత పాల డెయిరీ ముసలాయన, ఎవరికీ చెప్పవద్దంటూ, తన గురించే.

ఇలాగైతే ఇంటింటికీ తిరిగే చాకిరీ కూడా నా నెత్తిన పడుతుంది అనుకుంది కోరిన్. ఒక నిర్ణయానికొచ్చింది. గురువారం సాయంత్రాలు చర్చి కింది గదిలో కలుద్దామంది. వంతులవారీగా కేకు తేవాలి, వంతులవారీగా గిన్నెలు కడగాలి, తను ఒక్కర్తే చెయ్యదు.

మొదటి గురువారం ఎవరూ నోరు విప్పలేదు. చివరికి వెల్డా అంది, “పిల్లలకి ఏమన్నా అయితే, వాళ్ళమ్మ ఎక్కడుందని అందరూ అడుగుతారు. నేను మా అమ్మాయి గది తలుపుకి ఇవతలే కూర్చుని ఉన్నాను.” ఆర్డిస్ లేచి, అందరికంటే పెద్ద కేకు ముక్క కోసి ఆమె ముందు పెట్టింది.

ఆకులు రాలే వేళకి గది నిండిపోయింది. లైల్ మందులు వాడుతున్నాడు, ఒళ్ళు చేశాడు. తలుపు దగ్గర కుర్చీ వదిలి మధ్యలోకి వచ్చాడు. తాళం ఇంకా అడగలేదు. ఆ గురువారం అతను మొదటిసారి డాక్టరు దగ్గరికి వెళ్ళిన సంగతి చెబుతూ, బరువు చూసే యంత్రం మీద బూట్లతో ఎక్కి నర్సు చేత తిట్లు తిన్నది అభినయించి చూపించాడు. డెయిరీ ముసలాయన పొలమారి కాఫీ కక్కుకున్నాడు. కోరిన్ గోడకి ఆనుకుని, గొంతెత్తి, ఊపిరి అందనంత నవ్వింది.

ఆమెని తీసుకెళ్ళడానికి వచ్చిన డ్వేన్ మెట్ల మీద ఆగిపోయాడు. నవ్వు కొంచెం తగ్గేదాకా అక్కడే నిలబడి, తలుపు సందులోంచి లోపలికి తల పెట్టాడు.

“నాకు భయమేస్తోంది కోరీ,” అన్నాడు మెల్లగా. “లోపలికి రావచ్చా?”

“రా,” అంది ఆమె. “కుర్చీ మాత్రం నువ్వే తెచ్చుకో.”