పట్టుబడికి ముందురోజు

నా మొదటి నవల ఏలూరులో ఆవిష్కరించిన రోజు గర్వం నాకు తలకెక్కింది, ఎందుకు దాచాలి? ముప్పై రెండేళ్లు ఖాకీ తొడిగి ఇన్‌స్పెక్టరుగా రిటైరైన నరసరాజు నవల రాశాడంటే మాటలా! నా భార్య నాగరత్నం మాత్రం "పంచనామా రాసినట్టే ఉందండీ" అని ఒక్క ముక్కలో తేల్చేసింది. మొదటి అధ్యాయంలో చావు నిజం కేసులోది, తర్వాతి హత్యలన్నీ నేను అల్లినవి. ముప్పై రెండేళ్లు పంచనామాలు రాసిన చెయ్యి అలా కాక ఎలా రాస్తుంది మరి?

సభ అయ్యాక పుస్తకాల మీద సంతకాలు పెడుతుంటే ముప్పై ఏళ్లావిడ వచ్చింది. పేరు సలోమి, ఆకివీడులో టీచరునని చెప్పింది.

"పోయినవారం పేపర్లో వచ్చిన మీ మొదటి అధ్యాయంలో తప్పుందండీ."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఏవిటమ్మా అది?"

"చెరువు కాపలాదారు పొద్దున్నే చేపలకి మేత వేయడానికెళ్లి, కాలు జారి పడి చచ్చిపోయాడన్నారు. మర్నాడు చేపల పట్టుబడికి వల లాగితే శవం వచ్చిందన్నారు. పట్టుబడికి ముందురోజు మేత వెయ్యరండీ. కడుపు నిండా తిన్న చేప లారీలో పాడైపోతుంది. మా కొల్లేరులో చిన్నపిల్లల్ని అడిగినా చెప్తారండీ."

"మాది తాడేపల్లిగూడెం పక్కనమ్మా. వరి గురించి అడుగు, చెప్తాను. నవలే కదా, సర్దుకో," అని నవ్వేశాను. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు.

సలోమి నవ్వలేదు. "ఆ మేత సంగతి మీరు కల్పించిందాండీ?"

పెన్ను ఆగిపోయింది. కల్పించలేదు. పద్నాలుగేళ్ల కిందట నేను ఎస్సైగా ఉండగా, కొల్లేటికోటలో ఆ చెరువు యజమాని నాకిచ్చిన వాంగ్మూలమది. "మేత వెయ్యమని నేనే పంపానండి," అన్నాడు. మేత వెయ్యని రోజున మేతకెందుకు పంపుతాడు? ఆ అబద్ధాన్ని నా చేత్తోనే రాసుకుని, ప్రమాదమని కేసు మూసేశాను. ఓరి దేవుడా! అదే అబద్ధాన్ని ఇప్పుడు అచ్చు కూడా వేయించాను.

"మా నాన్నండీ ఆయన," అంది సలోమి. "మేత వేసే రోజు కాదు బాబూ అని మా అమ్మ యేసమ్మ మూడు నెలలు మీ స్టేషను చుట్టూ తిరిగిందండీ. మీరు రాసుకోలేదు."

గుర్తొచ్చింది. ఏదో చేపల గోల అనుకుని, ఇంటికి పొమ్మని కసిరాను. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"అమ్మ... ఉందా?"

"బయట ఆటోలో ఉందండీ. ఇప్పుడైనా రాసుకుంటారేమో అడగమంది."

తెల్లకాగితాలు తీసుకుని బయటికి నడిచాను. యేసమ్మ ఆటో దిగలేదు. నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వు చెప్పమ్మా. అంతా రాసుకుని, నేనే స్టేషనుకి పట్టుకెళ్తాను. కేసు తప్పుగా మూశానని నా సంతకంతో ఇస్తాను."

"రాయండి బాబూ. ముందు మా ఆయన పేరు రాయండి."

కాగితం మీద పెన్ను పెట్టాను. నవల్లో నేను తగిలించిన పేరే నాలుక మీద ఆడుతోంది. ఆయన అసలు పేరు ఎంతకీ గుర్తు రాలేదు.