రాగి రంగు వచ్చేదాకా

“పంచదార కరగబెట్టడానికి ఇంత తపస్సేంటమ్మా?” అని అత్తగారు ప్రమీలారాణి గుమ్మంలోంచి అడిగితే ఉషశ్రీ జవాబు చెప్పలేదు. చెప్పాలంటే తల తిప్పాలి. తల తిప్పితే మూకుట్లో పంచదార మాడుతుంది.

నిజానికి తపస్సే. కేకు పైన రాసే కేరమెల్ ఐసింగుకి పంచదారలో చుక్క నీళ్ళు పోయకూడదు. పొడిగానే మందపాటి మూకుట్లో కరగనివ్వాలి. గరిటె పెట్టి కెలక్కుండా మూకుడునే అటూ ఇటూ వంచుతుండాలి. ముందు తేనె రంగు, ఆ తర్వాత రాగి రంగు. రాగి రంగు కనిపించగానే వెన్న వేసి, గోరువెచ్చటి క్రీము పోసి, చిటికెడు ఉప్పు వెయ్యాలి. రెప్పపాటు ఆలస్యమైతే చేదు. అంతా కలిపి పది నిమిషాల పని. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఈ వంటింట్లో ఆమె నిలబడని రోజు లేదుగానీ, ఎవరూ పిలవకుండా పది నిమిషాలు నిలబడ్డ రోజు ఒక్కటి చెప్పమంటే మాత్రం చాలాసేపు ఆలోచించాలి.

ఇవాళ ఆ పది నిమిషాలూ కావాలి. బాపట్లలో తేజస్వి అనే అమ్మాయి కొత్తగా బేకరీ పెట్టింది. ఏదో ఫంక్షన్లో ఉషశ్రీ చేసిన కేకు తిని, నంబరు కనుక్కుని మరీ ఫోన్ చేసింది. సాయంత్రానికి కేరమెల్ కేకొకటి తెచ్చి చూపిస్తే, బాగుంటే బేకరీలో ఐసింగు పనంతా అప్పజెబుతానంది. రోజూ తెనాలిలో పొద్దున్నే రైలెక్కితే సాయంత్రానికి ఇంటికి వచ్చెయ్యొచ్చు. ఇన్నేళ్ళలో ఉషశ్రీకి పని చెప్పినవాళ్ళే తప్ప, పనికి రమ్మని పిలిచినవాళ్ళు లేరు.

కేకులు చేసిపెట్టమనేవాళ్ళకేం కొదవ లేదు. వేమూరులో ఆడపడుచు కొడుకు పుట్టినరోజైనా, కొల్లిపరలో పెదమావగారి షష్టిపూర్తయినా ఉషశ్రీ కేకే. బస్సులో ఒళ్ళో పెట్టుకుని, మలుపు మలుపుకీ ఊపిరి బిగబట్టి మోసుకెళ్ళాలి. అక్కడ “ఉష చేతిలో ఏదో ఉందమ్మా” అని మెచ్చుకుని, ఆ చేతికే ఎంగిలి ప్లేట్లు అందిస్తారు. “మా ఆవిడకి ఇదో సరదా లెండి” అంటాడు భర్త కృష్ణకాంత్. తెల్లవారుజామునే లేచి పిండి జల్లించడం సరదా అట! బేకరీ సంగతి చెప్పినప్పుడు కూడా, “వెళ్ళు, నేనొద్దన్నానా? ఇంట్లో పని చూసుకుని వెళ్ళు” అన్నాడు పేపర్లోంచి తలెత్తకుండా.

పంచదార తేనె రంగుకి వచ్చింది. హాల్లోంచి కృష్ణకాంత్ కేకేశాడు. గ్యాస్ బుక్ చేస్తున్నాడట, ఆమె ఫోనుకి ఓటీపీ వచ్చిందట, వచ్చి చెప్పాలట. ఫోను ఆయన మోచేతి పక్కనే ఉంది. చూసుకోమంది. లాక్ తనకేం తెలుసన్నాడు, టైమైపోతోందన్నాడు. వెళ్ళి తీసిచ్చి వచ్చేసరికి మూకుట్లోంచి నల్లటి పొగ. ఓటీపీ ఆగదు, పంచదారా ఆగదు. ఆగాల్సింది ఎప్పుడూ ఉషశ్రీ పనే. మూకుడు తోముకుని మళ్ళీ మొదలుపెట్టింది.

మాడు వాసనకి ఈసారి అత్తగారు లోపలికే వచ్చి నిలబడింది. పాకం విషయంలో ఆవిడని అనడానికి లేదు. ఆవిడ పట్టిన అరిసెల పాకం తప్పడం చుట్టాల్లో ఎవరూ చూడలేదు. అయితే నీళ్ళు లేని పాకాన్ని ఆవిడా తన జన్మలో చూడలేదు. ఉషశ్రీ క్రీము గిన్నె కోసం ఇటు తిరిగిందో లేదో, ఆవిడ గ్లాసుడు నీళ్ళు తీసుకుని మూకుట్లో పోసేసింది. బుస్సుమని పొంగి, పంచదార గులకరాళ్ళలా గడ్డ కట్టింది.

“మళ్ళీ మాడిపోతుంటే కాపాడానమ్మా” అంది ఆవిడ, ఎంతో ప్రేమగా.

ఉషశ్రీకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. పనిగట్టుకుని పాడుచేసి ఉంటే పోట్లాడొచ్చు. సాయం చేశానంటున్న మనిషిని ఏమంటుంది?

చప్పుడు విని కృష్ణకాంత్ వచ్చి తీర్పు చెప్పాడు. “దీనికింత హైరానా ఏంటి? తెల్ల క్రీములో కాస్త కాఫీ డికాషన్ కలిపెయ్. రంగే కదా, ఎవరికి తెలుస్తుంది?”

“నాకు తెలుస్తుందండీ.”

ఆ మాట పైకి వచ్చేసిందని ఆమెకే ఆశ్చర్యమేసింది. ఎన్నేళ్ళుగా మింగిన మాటో అది. ఆయన మాత్రం విననట్టే, ఎలాగూ స్టవ్ ఖాళీ అయింది కాబట్టి టీ పెట్టమన్నాడు. అత్తగారికి బీపీ మాత్ర గుర్తొచ్చి, అదెక్కడ పెట్టావని అడిగింది. ఒళ్ళు మండిపోయింది ఉషశ్రీకి. మూడోసారి వెలిగించబోయిన లైటరు పక్కన పెట్టేసింది. మాత్ర తీసి అత్తగారి చేతిలో పెట్టింది. ఐసింగు లేని బోడి కేకుని డబ్బాలో సర్దింది. పంచదార, వెన్న, క్రీము, ఉప్పు సంచిలో వేసుకుని చెప్పులు తొడుక్కుంది. గడ్డ కట్టిన మూకుడు సింకులోనే ఉంది.

“అయిపోయిందా?” అన్నాడు కృష్ణకాంత్.

“లేదండి.”

“మరి టీ?”

“టీ పొడి డబ్బా మీద పేరు రాసే ఉందండి” అని గేటు తీసుకుని వెళ్ళిపోయింది.

రైల్లో మాత్రం డబ్బా మూత తీసి మళ్ళీ చూసుకుంది. అలంకారం లేని కేకు చూసి ఆ పిల్ల వెనక్కి పంపేస్తే? ఏ ముఖం పెట్టుకుని ఆ సింకు ముందు నిలబడాలి? సంచిలో ఫోను మోగింది. ఆగి మళ్ళీ మోగింది. తీయలేదు.

అనుకున్నట్టే, బాపట్ల బేకరీలో డబ్బా తెరవగానే తేజస్వి ముఖం వాడిపోయింది. ఐసింగేదని అడిగింది. ఇక్కడే చేస్తాను, పది నిమిషాలు స్టవ్ ఇప్పించమని ఉషశ్రీ అడిగింది. అలా అడగడానికి కూడా సిగ్గేసింది.

బేకరీ వెనక వంటగదిలో ఇద్దరు ఆడవాళ్ళు పఫ్‌లు మడుస్తున్నారు. ఒకసారి చూసి తమ పనిలో పడ్డారు. పంచదార అంచుల్లో కరిగింది. ఎవరూ పిలవలేదు. తేనె రంగుకి వచ్చింది. అలవాటుకొద్దీ ఉషశ్రీ చెవులు రిక్కించింది. ఎవరూ పిలవలేదు. రాగి రంగు తిరగ్గానే వెన్న వేసి క్రీము పోసింది. గదంతా కమ్మటి వాసన. చల్లార్చి, గిలక్కొట్టి, కేకుకి నున్నగా రాసింది.

తేజస్వి ఒక ముక్క తిని, ఇంకో ముక్క కోసుకుంది.

“రేపట్నుంచి వచ్చెయ్యండి ఆంటీ” అంది. ఆ తర్వాత, బోడి కేకు మోసుకుని ఇంత దూరం ఎందుకు వచ్చిందో అర్థంకాక అడిగింది. “ఇంటి దగ్గరే చేసుకొచ్చుంటే సరిపోయేదిగా? మీ స్టవ్ ఏమైనా పాడైందా?”

“మా ఇంట్లో నాకు స్టవ్ లేదమ్మా” అంది ఉషశ్రీ.