ఈలకు లేవని తెర

మీలో ఎవరైనా నాటకానికి పోయి "వన్స్ మోర్" అని అరిచి ఉంటే ఈ మాట వినండి. మాతోపాటు తాళ్ళు లాగే వరదానం ఆ అరుపుల మధ్యనే చచ్చిపోయాడు.

ఏలూరు కాలవ గట్టున సూర్యప్రకాశరావుకి రేకుల థియేటరు ఉంది. నాటక సమాజాలు వస్తాయి, పోతాయి. తెరలూ, తాళ్ళూ, మేమూ మాత్రం ఆయన సొత్తు. నేను, నిత్యానందాన్ని, తెరలకు బొమ్మలు వేసేవాణ్ణి. ఆట జరిగేటప్పుడు నేనూ తాడు పట్టేవాణ్ణే.

ఆ సాయంత్రం వీధి బొమ్మ ఉన్న తెర ముందు రాజు వేషగాడు పద్యం ఎత్తుకున్నాడు. వెనక దర్బారు తెర దింపి సిద్ధంగా ఉంచాం. పైన వెదురు మీద వరదానం నిలబడి ఉన్నాడు. ఆ వెదురును కట్టిన పాత తాడు పటుక్కున తెగింది. వరదానం కింద పడ్డాడు, తల పగిలింది. దర్బారు తెర మీద నేను బొమ్మ వేసిన సింహాసనం మెట్ల మీద నెత్తురు చిమ్మింది.

మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. యజమాని ఈల ఊదందే తాడు వదలకూడదు, చోటు కదలకూడదు. వీధి తెరకు అవతల జనం "వన్స్ మోర్" అన్నారు. రాజు మళ్ళీ పాడాడు. మళ్ళీ అరిచారు, మళ్ళీ పాడాడు. ఛీ, మా బతుకులు! మనిషి గిలగిల కొట్టుకుంటుంటే తాళ్ళు పట్టుకుని నిలబడ్డాం. ఈల వినపడేసరికి వరదానంలో కదలిక లేదు.

రావు శవాన్ని పక్కకు ఈడ్పించాడు. మరక కనపడకుండా కుర్చీ అడ్డం పెట్టించి ఆట సాగించాడు. తెల్లారేసరికి శవం కాలవ ఒడ్డున తేలింది. తాగి పడ్డాడని పోలీసులు రాసుకున్నారు. వరదానం కల్లు వాసన కూడా ఎరగడు.

"ఒరేయ్, ఆ మరక మీద ఎర్ర తివాచీ గీసెయ్," అన్నాడు రావు నాతో.

"సరేనండీ," అన్నాను. కుంచె ముట్టలేదు. చుట్టేసిన తెరలో మరక ఎవడికి కనపడుతుంది?

వరదానాన్ని పక్కనున్న వట్లూరులో పాతిపెట్టాం. వరదానం భార్య దానమ్మ మా తెరల గుడ్డలు కుట్టేది. తాళ్ళ మేస్త్రీ వీరాస్వామి ఆమెను ఓదార్చబోయాడు.

"ఈల పడలేదమ్మా, ఏం చేస్తాం?"

"ఈల కోసం ఆగారా, బాబాయ్? నా మొగుడు నెత్తురు కక్కుతుంటే ఈల కోసం ఆగారా? మీరసలు మనుషులేనా అండీ?"

వీరాస్వామి తల బాదుకున్నాడు. ఎవడో గొణిగాడు, "ఎదురు తిరిగితే పని పోద్దండీ."

"రేపు నీ కింద తాడు తెగితే పని ఉంటుందా?" అని వీరాస్వామే గర్జించాడు.

"ఆయన తాగుబోతు కాదని, ఆ తాడే చంపిందని జనం ముందు చెప్పాలి. నాకింకేం వద్దు," అంది దానమ్మ. చెప్పేదాకా, కొత్త తాళ్ళు వచ్చేదాకా ఈలకు కదలకూడదని సమాధి దగ్గరే ఒట్టు పెట్టుకున్నాం.

శనివారం ఆట. నేల మీద గోనె మిల్లు కార్మికులు కిక్కిరిసి ఉన్నారు. కుర్చీల్లో కైకలూరు మోతుబరులు. దర్బారు తెర జారవిడిచాం. పెట్రోమాక్సు వెలుగులో మెట్ల మీద నల్లబడ్డ మరక కనపడింది. రావు అదిరిపడి, తెర లేపమని ఈల ఊదాడు. ఒక్క తాడూ కదల్లేదు. మళ్ళీ ఊదాడు, బుగ్గలు పగిలేలా ఊదాడు.

"ఎవరిదమ్మా ఆ నెత్తురు?" నేల మీద నుంచి ఒకడు అడిగాడు.

దానమ్మ తెర ముందుకు వచ్చింది. "నా మొగుడిదండీ. ఇక్కడే చచ్చిపోయాడు. మీరు వన్స్ మోర్ అంటుంటే చచ్చిపోయాడు."

హాలంతా గతుక్కుమంది. రావు మనుషులు గునపాలతో పైకి వచ్చి వీరాస్వామి వేళ్ళు చితక్కొట్టారు. ఎముకలు విరిగిన చప్పుడు నాకు వినపడింది. అయినా తాడు వదల్లేదు మహానుభావుడు. కుర్చీలు ఖాళీ అయ్యాయి. నేల మీది జనం లేచి స్టేజీ ఎక్కారు. గునపాలు చేతులు మారాయి. రావు పళ్ళు రాలి ఈలతోపాటు కింద పడ్డాయి. అంతలో పోలీసులు వచ్చి దొరికినవాడి తల దొరికినట్టు పగలగొట్టారు. దానమ్మను జుట్టు పట్టి స్టేజీ మెట్ల మీదుగా ఈడ్చారు.

మర్నాడు రాత్రి లాకప్పులో ఒక కానిస్టేబులు గుసగుసగా చెప్పాడు, "మీ సంగతి విని తాడేపల్లిగూడెం థియేటర్లో కూడా తెర లేపలేదటండీ."

మమ్మల్ని సబ్‌జైలుకు తోలడానికి ఇన్‌స్పెక్టరు వచ్చి ఈల ఊదాడు. ఎవరం లేవలేదు. మళ్ళీ ఊదాడు. దానమ్మ చీలిన పెదవితో అతన్నే చూస్తూ కూర్చుంది. లాఠీ ఎత్తాడు.

విరిగిన వేళ్ళు ఒళ్ళో పెట్టుకుని వీరాస్వామి నవ్వాడు. "మాకా అలవాటు పోయిందండీ," అన్నాడు.